ఆరోగ్యమ్మ ఫోనులో కీర్తనల కోట

ఒకవంక ఉక్కు కర్మాగార ధూమపటలంబులు, వేరొకవంక రేవుజేరు నౌకల కూతలు దిక్కుల నింపుచుండ, మత్స్యగంధభరితంబగు విశాఖపట్టణ జాలరిపేటయందు, ఒకానొక శనివార సాయంకాలమున, ఆటోనగర్ వెల్డింగ్ వీరుడును ఆరోగ్యమ్మకు ఏకైక జామాతయు నగు రోషన్ అత్తవారి అరుగుపై తలవంచుకొని కూర్చుండెను.

కారణంబు వినుడు. ఆరోగ్యమ్మ చేపల బేరము ముగియగానే కత్తిని, పీటను, తట్టను కడిగి, ఆ తడికొంగుతోనే ఫోనును సైతము ఒత్తి తుడుచును. ఆ తుడుపునకు కీర్తనల ఆప్ స్థానభ్రంశంబు నొందగా, ‘తొలగించమంటారా?’ అని తెర మర్యాదగా అడుగును. ఎంతటి బేరగానికిని లొంగని ఆ తల్లి, ఫోను అడిగినప్పుడు మాత్రము కాదనలేక ‘సరే’ నొక్కును.

“మల్లీ పోనాయల్లుడా పాటలు. రేపు ప్రార్దన కూటంలో కీర్తన నానే ఎత్తాలి. సరణాలు నోటికి రావు. నువ్విచ్చిన ఫోను ఇలాటిదేటి?”

‘నువ్విచ్చిన’ అను మాట రోషన్ గుండెలో గాలమై దిగెను. పాపము, పెండ్లియైన నాటినుండి ఆ ఇంట అతడు చేసిన ఏ పనియు నిలిచినది కాదు. వేసిన కుళాయి కారెను, బిగించిన ఫ్యాను ఊగెను. అంత నా శూరుడు లేచి నిలిచి,

“అత్తా, ఇను. ఫోనుతోపాటు పుట్టిన ఆప్‌లుంటాయి, అవి ఎవరు తీసినా పోవు. నీ పాటల్ని ఆటి మజ్జిలో కూకోబెట్టేత్తాను. నువ్వు తుడిసినా, తుఫానొచ్చినా, కదిలితే నన్ను అల్లుడనకు” అని ప్రతిజ్ఞ సేసెను.

“అదీ సూద్దాం” అనెను అతని భార్య ఫ్లోరా, వెల్లుల్లి ఒలుచుచు.

మునుపే రూట్ చేయబడి సర్వాధికారంబుల నొసగుచున్న ఆ ఫోనున, ఫైల్ మేనేజరను రథంబు నధిరోహించి, సామాన్యజనదుర్గమంబగు సిస్టమ్ ఫోల్డరు కోటవాకిలి జేరి, మార్పులను నిషేధించు గడియను విఱిచి, కీర్తనల ఆప్‌ను లోపల ప్రతిష్ఠించి, రోషన్ రీస్టార్ట్ శంఖంబు పూరించెను. ఫోను వెలిగెను. ఆప్ మాత్రము కానరాదయ్యె.

“ఉన్నదీ పోనాదా?” అనెను అత్త.

రోషన్ మొగము ఎండుచేపవలె వాడెను. తొందరలో ఆ ఆప్ ఫైలును చదువుటకు ఫోనునకు అనుమతులీయ మఱచెను గదా! కోటలోనికి పంపినవానిని చదువుటకు లోపలివారికి అనుమతి లేకున్న, వాడెవడని గుర్తింతురు? మరల చొచ్చి, చదువుటకు అందఱికిని, దిద్దుటకు యజమానికి మాత్రమును అనుమతి యొసగి, “ప్రభువా, నా పరువు” అని కనులు మూసి రీస్టార్ట్ నొక్కెను. కంపెనీ గుర్తు తెరపై తిరిగెను, మరియు తిరిగెను. వెల్లుల్లి ఒలుచుట ఆగెను. అంతట కీర్తనల ఆప్ ప్రత్యక్షంబయ్యె!

ఆరోగ్యమ్మ తడికొంగు దీసి తుడిచెను. ఒత్తి తుడిచెను. తొలగింపు మాటయే తెర ఎత్తలేదు.

“ఏటల్లుడా, ఇయ్యాల నన్నేటీ అడగనేదు” అని ఆమె కొంచెము చిన్నబుచ్చుకొనెను. అయినను కీర్తన పెట్టి, చరణము వెంట చరణము గొంతు కలిపి, పక్కింటి చిట్టెమ్మకు వినబడునట్లు, “మా అల్లుడు సేసినాడే, ఇంక పోదంట” అనెను.

దిక్కులారా, వినుడు! ఓ సముద్రమా, సాక్ష్యమీయుము! సకల తడికొంగులకును అభేద్యంబై, ఆరోగ్యమ్మ ఇంట అల్లుడు చేసిన పని యొకటి నిలిచెను.