మా ఆవిడ కూడా ఎక్కించగల లైనక్స్

పాత కంప్యూటర్లంటే నాకు జాలి. గవర్నర్‌పేటలో కంప్యూటర్ పాఠాలు చెప్పుకునేవాణ్ణి కదా, వయసు మళ్ళిన మిషను కొత్త సాఫ్ట్‌వేర్ మోయలేక ఆయాసపడుతుంటే చూడలేను. అందుకే 2004లో వాటికోసం, విండోస్ బదులు పనిచేసే తేలికపాటి లైనక్స్ ఒకటి తయారుచేశాను.

దాని గొప్పంతా ఎక్కించడంలోనే ఉంది. సీడీ పెట్టడం, ఎంటర్ కొట్టడం, అంతే. మిగతా లైనక్సులు పెళ్ళిచూపులకొచ్చిన మేనత్తల్లా వంద ప్రశ్నలు వేస్తాయి. నాది నోరెత్తదు. "పాతవన్నీ చెరిపెయ్యమంటారా?" అనే ప్రశ్న కూడా పీకేశాను, జనం భయపడతారని.

సీడీ అట్టమీద "మా ఆవిడ కూడా ఎక్కించగలదు!" అని అచ్చువేయించాను.

మా ఆవిడ మార్త అది చదివి, "కూడా ఏమిటండీ, కూడా?" అంది.

"పొగిడాను మార్తా."

"ఎవర్ని?"

డిసెంబరు మొదటి ఆదివారం చర్చి నుంచి రాగానే లైనక్స్ మిత్రులు నలుగురు మా ఇంటికొచ్చారు. వాళ్ళకు పెద్ద మణికుమార్. ఆయన మెచ్చుకుంటే నా సీడీ జిల్లాలో స్కూళ్ళకి వెళుతుంది. అట్టమీది మాట నిజమని మార్త చేత చూపించే పరీక్షకు మా ఇంట్లో పాత కంప్యూటరే పెట్టాను. ఆటోనగర్లో ఓ లారీ ఆఫీసువాళ్ళు వదిలించుకున్నది అది. మార్త దానిమీద పేకాట ఆడుకుంటుందని నా నమ్మకం.

మార్త చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది.

"ఏవండీ, ఇది ఎక్కిస్తే లోపలున్నవాటికేం కాదుగా?"

మణికుమార్ నావైపు చూశాడు. చెబితే పరీక్ష చెల్లదు.

"ఎక్కించేవాళ్ళకి సాయం చెయ్యకూడదు. రూలు," అన్నాను గంభీరంగా.

"పెళ్ళానిక్కూడానా?"

"నువ్విప్పుడు పెళ్ళానివి కావు. యూజర్‌వి."

"సరేలెండి. ప్రమాదముంటే అదే అడుగుద్దిగా," అని ఎంటర్ కొట్టింది.

అది అడగలేదు.

కాసేపటికి తెరమీద నా లైనక్స్ నీలంగా వెలిగింది. మిత్రులు చప్పట్లు కొట్టారు. నేను లేచి అందరికీ నమస్కారం పెట్టాను. మార్త మాత్రం మౌస్ పట్టుకుని ఏదో వెతుకుతోంది.

"నాటకం ఏదండీ?"

"ఏ నాటకం?"

"సండేస్కూలు పిల్లల క్రిస్మస్ నాటకం. నెల్లాళ్ళనించీ ఇందులోనే టైపు చేస్తన్నా. బుధవారం నించి రిహార్సల్సు."

చప్పట్లు ఆగిపోయాయి. మణికుమార్ గొంతు తగ్గించి, "అడిగే ప్రశ్న తీసేశారా?" అన్నాడు.

"తీసేశాను."

వాళ్ళు టీ కూడా తాగకుండా చెప్పులేసుకున్నారు. మార్త నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కళ్ళొత్తుకుని, "నేను అడిగాగా, చెప్పొచ్చుగా," అంది. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

ఆ సాయంత్రమే నేను టైపు చెయ్యడానికి కూర్చున్నాను. అదృష్టం కొద్దీ నాటకమంతా ఆమెకు నోటికొచ్చు. ఆమె చెబుతుంటే రెండు వేళ్ళతో కొడుతూ పోయాను. గొర్రెల కాపరులు వచ్చారు, జ్ఞానులు వచ్చారు. ఆ తర్వాత, పసిపిల్లల్ని చంపించిన హేరోదు రాజు వచ్చాడు.

"ఈ వేషం ఎవరిది?"

"ముందు లేదు, ఇవాళే కలిపా. మీదే."

"నాదా! నేనెందుకు?"

"ఎవర్నీ అడక్కుండా తుడిచిపెట్టేవాడు కావాలి. మీకు అలవాటేగా."

అదీ టైపు చేశాను. మర్నాడు ఆ తీసేసిన ప్రశ్నని తెలుగులో, తెరనిండా పట్టేంత అక్షరాలతో మళ్ళీ పెట్టాను.

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం చర్చి హాల్లో, ఇంటి దుప్పటి కప్పుకుని, అట్టకిరీటం పెట్టుకుని స్టేజి ఎక్కాను. చూస్తే ముందు వరసలో మణికుమార్, మిత్రులు. పిలిచింది మార్తే.

"బేత్లెహేములో పసివాణ్ణొక్కణ్ణీ మిగల్చకండి!" అని గర్జించాను.

"రాజా, ముందు కాపీ తీసుకోండి!" అని అరిచాడు మణికుమార్.

హాలంతా నవ్వింది. తెర పక్కన మార్త కూడా నవ్వింది. తర్వాత చెప్పాల్సిన మాట గుర్తురాలేదు. తల దించుకుని అలాగే నిలబడిపోయాను.

నాటకం అయ్యాక పాస్టరు అబ్రహాముగారు వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

"బైబిల్లో హేరోదు సిగ్గుపడినట్టు ఎక్కడా లేదండీ. మీరు మాత్రం ఆ సిగ్గు ఎంత బాగా నటించారు!"

నేను వినయంగా నవ్వబోయేలోపే మార్త అందుకుంది.

"నటన కాదండీ పాస్టరుగారూ. మూడు వారాలనించీ ఇంట్లో ఇదే మొహం."