ఇరవైమూడు మందికి ఒకే మనసు

"మెదళ్ళు రెండే రకాలు, దౌలెన్. నాదొక రకం, ప్రపంచానిదంతా ఇంకో రకం. రాసుకో."

ఎర్కెబులాన్ ఈ ప్రకటన చేసినప్పుడు మంచం మీద నిలబడి ఉన్నాడు. మంచం నాది. కాళ్ళకున్న మేజోళ్ళు కూడా నావే. కరగండా నగరంలోని ఈ కాలేజీ హాస్టల్లో మూడేళ్ళుగా మేమిద్దరం ఒకే గదిలో ఉంటున్నాం. ఈ మూడేళ్ళలో వాడు ఛేదించిన కేసులు రెండు. మాయమైన సబ్బు కేసులో చివరికి తేలిందేమిటంటే, సబ్బు అరిగిపోయింది. రెండోదాంట్లో పోయిన చెప్పులు వాడి కాళ్ళకే దొరికాయి.

"కానీ ఇది అలాంటి చిల్లర కేసు కాదురా. ఇది మానసిక మారణకాండ!"

సంగతేమిటంటే, రాజధాని నుంచి కొత్తగా వచ్చిన లెక్చరర్ కుల్పాష్ మేడం మా క్లాసు గ్రూపుకి ఒక సర్వే ఇచ్చింది. ఇంటర్నెట్ వ్యసనం, వ్యక్తిత్వం మీద నలభై ప్రశ్నలు. పేరు రాయక్కర్లేదు. తిరిగొచ్చిన ఇరవైమూడు కాగితాల్లోనూ ఒకే జవాబులున్నాయి. ఇరవైమూడు మందీ బిడియస్తులే. ఇరవైమూడు మందీ రోజుకి పదకొండు గంటలు నెట్‌లోనే ఉంటారు. 'మీరు ఒకరోజు కనిపించకపోతే ఎవరైనా గమనిస్తారా?' అన్న తొమ్మిదో ప్రశ్నకి ఇరవైమూడు మందీ 'గమనించరు' అనే రాశారు. మేడం కళ్ళనీళ్ళు పెట్టుకుందట. సోమవారం నుంచి నెలరోజులు మా ఫోన్లన్నీ డిపార్ట్‌మెంటు ఇనప బీరువాలో పెట్టి తాళం వేస్తానంది. అదే చికిత్సట. ఆదివారం సాయంత్రంలోగా ఈ మహమ్మారి మూలం పట్టుకొస్తానని ఎర్కెబులాన్ ఆమెకి మాటిచ్చి వచ్చాడు.

ఆ మూలం మంచం పక్కనే నిలబడి, వాడు చెప్పింది రాసుకుంటోంది.

గ్రూపు లీడర్ని నేనే. మా దగ్గర ఏ సర్వే వచ్చినా నింపేది గ్రూపు లీడరే. ఎవరూ అడగరు, ఎవరికీ చెప్పక్కర్లేదు. లైబ్రరీ సర్వేలో అందరి తరఫునా నేనే సంతృప్తి చెందాను. క్యాంటీన్ సర్వేలో ఆ సూపుని ఒక్కణ్ణే ఇరవైమూడుసార్లు మెచ్చుకున్నాను. మామూలుగా అక్కడక్కడా టిక్కులు మార్చి పెడతాను. ఈసారి మొదటి కాగితంలో ఎందుకో నిజం రాశాను. నలభై ప్రశ్నలూ అయ్యాక దాన్ని చూసుకుంటే, ఇంకో మనిషిని కల్పించే ఓపిక లేకపోయింది. మిగతా ఇరవైరెండింటి మీదా నన్నే ఎక్కించాను. అనుమానం రాకుండా మూడు పెన్నులు వాడాను.

చదవకుండా టిక్కులు పెట్టానని సోమవారం మేడంతో చెప్పేస్తే ఫోన్లు దక్కుతాయి. ఆ అబద్ధం సిద్ధంగానే ఉంది. నా భయం తిట్లకి కాదు. ఆ జవాబులు ఎవరివో తెలిస్తే, వంటగదిలో రోజూ ఎదురయ్యే వీళ్ళంతా నన్ను చూసే చూపుకి.

విచారణ నాలుగో అంతస్తు వంటగదిలో మొదలైంది. మొదటి అనుమానితుడు కుస్తీవాడు నుర్దోస్. ఎర్కెబులాన్ వాడి బొటనవేలిని దారంతో కొలిచాడు.

"ఆ కాగితం నింపుతున్నప్పుడు నీ మనఃస్థితి ఏంటి? దాచకు!"

"ఏ కాగితం?"

"సర్వే కాగితం."

"నేనసలు చూడనే లేదు."

ఎర్కెబులాన్ నా చెవిలోకి వంగాడు. "జ్ఞాపకం కూడా పోయింది. రోగం ముదిరింది, రాసుకో."

"మరి నువ్వు నింపావా?" అన్నాడు నుర్దోస్.

ఎర్కెబులాన్ నోరు తెరిచాడు. ముఖం పాలిపోయింది. "నేనూ... నింపే ఉంటాను. గుర్తు రావట్లేదు. ఒరేయ్ దౌలెన్, నాకూ అంటుకుందిరా!"

టీ కాచే సమోవార్ దగ్గర కూర్చున్న మా గ్రూపు ఐగానిమ్ నా వైపు ఒకసారి చూసింది. ఎర్కెబులాన్ కప్పులో టీ అంచుదాకా పోసింది. ఇంకాసేపు ఉండాలని మేం కోరుకునే అతిథికి మా దేశంలో రెండు గుక్కలే పోస్తాం, మళ్ళీ మళ్ళీ అడుగుతూ కూర్చోవాలని. నిండా పోశామంటే, తాగి ఇక బయల్దేరమని. ఇది పసిపిల్లలకి కూడా తెలుసు. ఎర్కెబులాన్‌కీ తెలుసు, కానీ ఇలాంటివన్నీ తక్కిన జనానికే అనుకుంటాడు.

"చూశావా? అందరికీ చుక్క, నాకు నిండు కప్పు! మేధావికి మర్యాద ఇలాగే ఉంటుంది." వాడు కుర్చీ ఇంకా దగ్గరికి జరుపుకున్నాడు.

ఆదివారం సాయంత్రం గ్రూపునంతా అదే వంటగదిలో పోగేశాడు. ఐగానిమ్ బౌర్సాకులు వేయించింది. వేడివేడిగా ఉన్న ఆ పిండి ఉండల పళ్ళెం పట్టుకుని నేను వడ్డిస్తున్నాను. ఎర్కెబులాన్ మేడం దగ్గర్నుంచి తెచ్చిన ఒక సర్వే కాగితం పైకెత్తాడు.

"పదిహేడో ప్రశ్న! నెట్ ఆగిపోతే ఏం చేస్తారు? జవాబు: చేతిలో ఏదున్నా వదిలేసి లేస్తాను. వింటున్నారా? ఇది చేతిరాత కాదు, ఆత్మ ఆర్తనాదం! ఇరవైమూడు దేహాలు, ఒకే మెదడు! ఆ మెదడు యజమాని ఈ గదిలోనే..."

రక్తి కట్టించడానికి మూడడుగులు వెనక్కి వేశాడు. మూడో అడుగు వైఫై డబ్బా తీగలో చిక్కుకుంది. ప్లగ్గు ఊడింది, వాడు వెల్లకిలా పడ్డాడు. డబ్బా మీద పచ్చదీపాలు ఆరిపోయాయి.

నుర్దోస్ నమలడం ఆపలేదు. వెనకాల ఇద్దరు ఏదో పెళ్ళి గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఎవరూ లేవలేదు.

నేను పళ్ళెం వదిలేశాను. బల్ల దాటాను, కిందపడ్డ ఎర్కెబులాన్‌ని దాటాను. తెలివి వచ్చేసరికి గోడ దగ్గర మోకాళ్ళ మీద ఉన్నాను, చేతిలో ప్లగ్గు ఉంది. బౌర్సాకులు ఫ్రిజ్ కిందికి దొర్లుతున్నాయి.

"పదిహేడు," అంది ఐగానిమ్ మెల్లగా.

పెళ్ళి కబుర్లు ఆగిపోయాయి.

"కళ్ళు మూసుకుని టిక్కులు పెట్టి ఉంటావనుకున్నాం కదరా," అన్నాడు నుర్దోస్. "అవి నీవా? అన్నీనా? ఆ తొమ్మిదోది కూడానా?"

అబద్ధం నాలుక చివరే ఉంది. కానీ చేతిలో ప్లగ్గు పట్టుకుని ఆ అబద్ధం చెప్పడం కుదరలేదు.

"నావే."

"ఎవరూ గమనించరా!" నుర్దోస్ బల్ల మీద గుద్దాడు. "మొన్న నీకు జ్వరమొచ్చి రెండ్రోజులు పడుకుంటే మా అటెండెన్సు వేసే దిక్కు లేక గ్రూపు గ్రూపంతా ఏడ్చింది కదరా!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు కొంచెం గుచ్చుకుంది. గమనించడమంటే ఇదేనా అనిపించింది. అయినా లెక్కలో ఉన్నాను.

"పడటం నా పథకంలో భాగమే," అన్నాడు ఎర్కెబులాన్ నేల మీంచి. "తీగ ఎక్కడుందో నాకు ముందే తెలుసు. రాసుకో."

"రేపు పొద్దున్నే మేడం దగ్గరికెళ్ళి నువ్వే చెప్పు, ఇదంతా నువ్వొక్కడివేనని," అంది ఐగానిమ్. "కొత్త కాగితాలు కూడా అడుగు. నాది నేనే నింపుకుంటాను. నన్ను బిడియస్తురాల్ని చేస్తావా?"

"చెప్తాను," అన్నాను.

తను టీ పోయడం మొదలుపెట్టింది. ఎర్కెబులాన్‌కి అంచుదాకా పోసింది. వాడు గర్వంగా చుట్టూ చూశాడు. తరవాత నా కప్పు ముందుకు జరిపింది. అందులోకి చూడటానికి నాకు కొంచెం ధైర్యం కావలసి వచ్చింది.

అడుగున రెండే గుక్కలు ఉన్నాయి. తాగేసి, కప్పు మళ్ళీ చాపాను.