అధికారి కోటు గుండీ

ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా సులువైనది. ఆఫీసుకు వెళ్ళాలి, అడిగినదానికి నిజం చెప్పాలి, నోరు మూసుకుని తిరిగి రావాలి. మొదటి రెండూ ఎలాగో నెట్టుకురావచ్చు గానీ మూడోది తనవల్ల అయ్యే పని కాదని దర్జీకి లోలోపల తెలుసు. పోయినసారి వికలాంగుల పింఛను చేజారింది ఆ నోటివల్లే. కుడిచేతి వేళ్ళు కొయ్యబారి ఏడాది దాటింది. అయినా పరీక్షించిన డాక్టరు, "చొక్కా గుండీలు మీరే పెట్టుకోగలరా?" అని అడిగితే, "పెట్టుకోవడమేంటండీ, కుట్టి ఇస్తాను" అన్నాడు. దరఖాస్తు తిరిగొచ్చింది. ఇవాళ వెళ్ళేది దానిమీద పెట్టుకున్న అప్పీలుకే. అప్పటినుంచి భార్య లాండ్రీలో రెండు పూటలా ఇస్త్రీ చేస్తోంది. పింఛను వస్తే ఒక పూట మానేస్తుంది.

ఆమె అతని చొక్కా గుండీలు పెడుతూ, "గొప్పలకు పోకండి. చెయ్యి చూపించి ఊరుకోండి" అంది.

"నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా?"

"చిన్నపిల్లలైతే చెప్పిన మాట వింటారు."

అలవాటు కొద్దీ కాలరు కింద సూది గుచ్చుకున్నాడు. అందులో దారం ఎక్కించింది కూడా ఆమే.

అప్పీళ్ళ అధికారి గదిలో కాసేపు అంతా సవ్యంగానే సాగింది. వేళ్ళు ముడవమంటే ముడవలేకపోయాడు. పెన్ను ఇస్తే జారవిడిచాడు. వెంట వచ్చి పక్కనే కూర్చున్న భార్య ముఖం విప్పారింది. సరిగ్గా అప్పుడే అధికారి కోటు చేతికి ఒంటి పోగు మీద వేలాడుతున్న గుండీ అతని కంట పడింది. గోడవైపు చూశాడు, ఫ్యానువైపు చూశాడు, లాభం లేకపోయింది.

"అయ్యా, చెయ్యి ఇలా పెట్టండి. ఒక్క క్షణంలో ఆ గుండీ కుట్టేస్తాను."

భార్య అతని కాలు తొక్కింది.

"చెయ్యి పనిచేయదన్నారు కదా?" అన్నాడు అధికారి.

"గుండీకేముందండీ, కళ్ళు మూసుకుని కుడతాను."

"అయితే కుట్టండి." అధికారి ఒక చెయ్యి బల్లమీద చాపి, రెండో చేత్తో తిరస్కరణ ముద్ర దగ్గరికి లాక్కున్నాడు.

వెనక్కి తగ్గితే పరువు పోతుంది, తగ్గకపోతే పింఛను పోతుంది. మన మహానుభావుడు పరువునే ఎంచుకున్నాడు. సూది వేళ్ళమధ్య నిలవకపోతే పిడికిట్లో పట్టుకుని పొడిచాడు. గుండీ కాస్తా ఊడి బల్లకిందికి దొర్లిపోయింది. "కుట్టు అయ్యాక పెడదాం లెండి" అని గుండీ లేకుండానే కుట్టుకుపోయాడు.

ఇంతలో పై అధికారిణి పిలుస్తున్నారని కబురొచ్చింది. అధికారి దరఖాస్తు చంకన పెట్టుకుని లేచాడు. దర్జీ కూడా లేచాడు, లేవక తప్పలేదు. అతని చొక్కా చెయ్యి అధికారి కోటుకు కలిసి కుట్టుపడిపోయింది. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ కలిపి వరండాలో నడుస్తుంటే, "చూశారా, పలుకుబడి ఉన్నవాళ్ళ సంగతి" అని వరుసలో నిల్చున్నవాళ్ళు గొణుక్కున్నారు.

"ఎవరు కుట్టారిది?" అంది అధికారిణి.

"నేనేనండీ. పేరున్న దర్జీని."

ఆమె కుట్టు తిప్పి చూసి, అధికారి చంకలోని దరఖాస్తు లాక్కుని చదివింది. "ఈ చేతికా మీరు పింఛను కాదంటున్నది?" అని అధికారిని కసిరి, అక్కడికక్కడే మంజూరు చేసి సంతకం పెట్టింది.

వెనకే పరుగెత్తుకొచ్చిన భార్య పళ్ళతో దారం కొరికి ఇద్దరినీ విడదీసింది. ఆమె కళ్ళనిండా నీళ్ళు, ముఖంనిండా నవ్వు. రేపటినుంచి ఇస్త్రీ ఒక్క పూటే. దర్జీకి మాత్రం ఆ వంకరటింకర కుట్టు చూసి గుండె కలుక్కుమంది. చెయ్యి పోయిందని అందరికీ తెలుసు, తనొక్కడే ఒప్పుకోలేదు.

ఉత్తర్వు అందుకుని కారణం చదివాడు. ‘కుట్టుపనికి బొత్తిగా పనికిరాడు.’

"ఏమండీ," అన్నాడు అధికారితో, "దీనిమీద అప్పీలు ఎక్కడ చేసుకోవాలి?"