ఊఁ కొట్టే గోడ

ఆ ఉదయానికి చిట్టి వేసుకున్న పథకం చాలా చిన్నది. వేడినీళ్ల స్నానం, రొట్టె మీద కాస్త తేనె, బస్సులో కిటికీ పక్క సీటు, క్లాసులో ధైర్యం చేసి ఒక్క మాట. దేశం కాని దేశానికి చదువుకు వచ్చిన దగ్గర్నుంచి ఆమె క్లాసులో నోరు తెరిచింది ఆవలించడానికే. శుక్రవారం లోపల లేచి నిలబడి తన ప్రాజెక్టు దేని గురించో చెప్పకపోతే కోర్సులోంచి పేరు తీసేస్తానని ప్రొఫెసరు మెత్తగా చెప్పేశాడు. ఇంతకీ ఆమె చదువు, శబ్దం గోడలు దాటి ఎలా వెళ్తుందో తెలుసుకునే చదువు.

అయినా చిట్టి సంతోషంగానే ఉంది. కుళాయి తిప్పగానే వేడినీళ్లు వస్తున్నాయి. పొగమంచు పట్టిన కిటికీ అద్దం మీద వేలితో మొగుడి ముక్కు గీసుకోవచ్చు. పెళ్లి ఫోటోలు ఇంకా ఫోటోగ్రాఫరు దగ్గరే ఉన్నాయి, కాబట్టి ప్రస్తుతానికి ఆ ముక్కే ఆధారం.

విమానం ఎక్కే ముందు మొగుడూ పెళ్లాలు ఒట్టు వేసుకున్నారు, ట్యాబులో వీడియో కాల్ ఎప్పుడూ కట్ చేయకూడదని. ఇక్కడ తెల్లవారితే అక్కడ పడక వేళ. ఆమె గది చప్పుళ్లు దిండు పక్కన వినిపిస్తుంటే తప్ప అతనికి నిద్ర పట్టదు. కానీ గదిలో ఒక్కరే ఉండాలన్నది ఇంటావిడ షరతు. తెర మీది మొగుడు మనిషి లెక్కలోకి వస్తాడో రాడో తేలక, చిట్టి రోజూ ట్యాబును గోడ అలమరలో స్వెట్టర్ల వెనక దాచి, గదికి తాళం వేసి వెళ్లేది.

ఆ ఉదయం అలమర తలుపు మూయబోతుంటే తెర మీద అతని మొహం పాలిపోయి కనిపించింది.

"చిట్టీ, నువ్వు వెళ్లాక ఆ గదిలో ఎవరో మాట్లాడుతున్నారు."

"గదికి తాళం వేశాను కదా."

"అందుకే చెప్తున్నా. ముసలావిడ గొంతు. ఆ ఊరి భాష. దగ్గరికొచ్చి నన్నేదో అడుగుతోంది."

"మరి నువ్వేమన్నావు?"

"ఊఁ అన్నాను."

అదేం కొత్త కాదు. చిన్నప్పుడు బామ్మ కథలకు ఊఁ కొట్టీ కొట్టీ, నిద్రలో ఎవరేం చెప్పినా ఊఁ అనడం అతనికి అలవాటైపోయింది. దయ్యానికి కూడా ఊఁ కొట్టేంత మంచివాడని చిట్టి కాస్త మురిసింది. ఆ తర్వాతే గది తాళం రెండుసార్లు లాగి చూసుకుంది. బస్సులో కిటికీ పక్క సీటే దొరికింది గానీ, బయటి పొగమంచులో ఆమెకు ఏవేవో మొహాలు కనిపించాయి. క్లాసులో ఆవేళ ఆవలింత కూడా రాలేదు.

సాయంత్రం మెట్ల దగ్గర ఇంటావిడ ఎదురైంది. ఎప్పుడూ గడియారం ముల్లులా ముభావంగా తిరిగే మనిషి. ఆవేళ జుట్టు దువ్వుకుని ముద్దుగా ఉంది. చేతిలో మడత పెట్టిన దుప్పటి. వెనక గోడ మీద, ఎప్పుడో పోయిన ఆవిడ భర్త ఫోటో.

"ఇది నీ గదిలోకి పట్టుకెళ్లమ్మాయ్. ఆయనకి చలేస్తోంది."

"ఎవరికండీ?"

ఇంటావిడ నవ్వింది. వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఆ వంటింట్లోకి అద్దెకున్నవాళ్లకు ప్రవేశం లేదు.

చిట్టి దుప్పటిని గది మధ్యలో పడేసి, దానికి దూరంగా మంచం మీద ముడుచుకుని కూర్చుంది. మాట్లాడేది ముసలావిడ. చలి వేసేది ముసలాయనకు. ఒక్కరే ఉండాలన్న గదిలో దయ్యాలు జంటగా కాపురం పెట్టాయి.

అంతలో అత్తయ్య ఫోన్ చేసింది. ఆవిడ చెప్పిన సంగతి ఇది. రెండు రోజులుగా కొడుకు గదిలోంచి ఎవరిదో ముసలి ఆడగొంతు వినిపిస్తోంది. తలుపు తోసి చూస్తే మంచం మీద కొడుకు ఒక్కడే, కళ్లు మూసుకుని ఎవరికో ఊఁ కొడుతున్నాడు.

"చదువూ వద్దు ఏమీ వద్దు, వచ్చేయమ్మా," అంది అత్తయ్య. "నువ్వు పక్కనుంటే అదేదో వీణ్ణి వదిలిపెడుతుంది."

దయ్యం సముద్రం దాటి మొగుణ్ణి పట్టుకుందన్న మాట. చిట్టి ఏడుస్తూనే పెట్టె సర్దింది. కొత్తగా కొనుక్కున్న తేనె సీసా మూత బిగిస్తుంటే మరింత ఏడుపొచ్చింది.

తెల్లవారితే శుక్రవారం. వెళ్లిపోయే ముందు ఒక్కసారి దాని అంతు చూడాలనిపించింది. పొద్దున రోజులాగే అలమర తలుపు మూసి, బయటికి వెళ్లినట్టు గది తలుపు చప్పుడు చేసి, చెప్పులు విప్పి మంచం మీద కూర్చుంది. కిటికీ అవతల పొగమంచు కదలకుండా నిలబడి ఉంది. అలమరలోంచి మొగుడి గురక సన్నగా, లయగా వస్తోంది. ఉన్నట్టుండి ఆ గురక వెనక ఏదో గీసుకున్న చప్పుడు. తర్వాత ముసలి గొంతు, గుసగుసగా.

"నిద్రపోయావా?"

"ఊఁ," అంది గోడ.

చిట్టి కెవ్వుమంది. ఆ కేక ట్యాబులో దూరి, సముద్రం దాటి, మొగుడి చెవిలో పేలింది. అతను మంచం మీంచి పడ్డాడు. అలమర "అమ్మోయ్" అని అరిచింది. అటుపక్క ఏదో కప్పు పగిలింది. చిట్టి అలమర తలుపు లాగితే, స్వెట్టర్ల మధ్య నుంచి వెలుగు వచ్చింది. అలమర వెనక చెక్క పక్కకు జరిగి ఉంది. ఆ సందులో ఇంటావిడ మొహం, వెనక పొయ్యి మీద పొగలు కక్కుతున్న టీ గిన్నె.

"నువ్వింకా క్లాసుకి వెళ్లలేదా?" అంది ఇంటావిడ, తప్పు చిట్టిదే అన్నట్టు.

ఒకప్పుడు అది వంటింటి గిన్నెల అలమరట. మొదటి రోజే గురక వినిపిస్తే చెక్క జరిపి చూసిందట. చిట్టి దాచుకున్నది బయట పెట్టి పిల్లను సిగ్గుపెట్టడం ఎందుకని ఊరుకుందట. ఊరుకున్నది చిట్టితో మాత్రమే.

"మా ఆయన బతికున్నన్నాళ్లూ నా మాటకి ఒక్కసారి ఊఁ అన్న పాపాన పోలేదు. ఈ అబ్బాయి ప్రతి మాటకీ అంటాడు. నిన్న నా పెళ్లి దాకా వచ్చాం. ఇవాళ మా అత్తగారి సంగతి చెప్దామని కూర్చున్నాను."

"మరి దుప్పటి?"

"నిద్రలో తన్నేస్తాడు. చూడలేకపోయాను. పంపించే దారేదైనా నీకు తెలుస్తుందనుకున్నాను."

చిట్టికి నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. ఆ రెండింటి మధ్యలో ఇంకోటి తట్టింది. చెప్పులేసుకుని పరుగెత్తింది. బస్సులో నిలబడే వెళ్లింది. క్లాసులో లేచి, వచ్చీరాని భాషలో, పలచటి చెక్క వెనక మొగుణ్ణి పెడితే ఏం జరుగుతుందో మొత్తం చెప్పేసింది. అందరూ పడీపడీ నవ్వారు. ప్రొఫెసరు మాత్రం నవ్వకుండా చెక్క మందం ఎంతని అడిగి, అదే నీ ప్రాజెక్టు అన్నాడు.

సాయంత్రం పెట్టెలోంచి తేనె సీసా బయటికి తీసింది. మొగుడికి నచ్చజెప్పింది, ఇక పగలు కాల్ కట్ చేస్తానని, ఒంటరిగా ఉండటం నేర్చుకోవాలని. అతను ఊఁ అన్నాడు. ఇంటావిడ మాత్రం ఒప్పుకోలేదు. కావాలంటే నీ వైపు తలుపు వేసుకో, నా వైపు కథ సగంలో ఉంది అని, ట్యాబును వంటింట్లో పెట్టుకుంది.

ఏడాది చివర భాష పరీక్షలో చిట్టి అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. గడప దాటని మొగుడు మాత్రం ఆ భాషలో గలగలా మాట్లాడుతున్నాడని అత్తయ్య ఫోన్ చేసింది, అదీ నిద్రలో, ముసలావిడ గొంతుతో.