ఇంజన్ పలికేదాకా

ఆ ఆదివారం కళ్ళజోళ్ళాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి షెడ్డు తలుపులు తీయాలి. తొమ్మిదేళ్ళ కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, తండ్రి తనకు వదిలివెళ్ళిన రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారులో వీధి చుట్టూ మూడు చుట్లు తిరగాలి. తిరిగొచ్చేసరికి ఆ పిల్ల నోటివెంట "అమ్మా, ఈ కారు నాక్కావాలి" అన్న మాట రప్పించాలి. రాకపోతే సోమవారం మ్యూజియం వాళ్ళు వచ్చి కారు తీసుకెళ్తారు, షెడ్డు ఆయన భార్యకు కుట్టుపని గది అవుతుంది.

ఇందులో ఆవిడను తప్పుపట్టడానికి లేదు. నాలుగేళ్ళుగా రెండు కుట్టుమిషన్లు హాల్లో సర్దుకుని, భోజనాల బల్ల మీద బట్టలు కత్తిరిస్తోంది. "కారంటే మీకు ప్రాణం, కాదన్ను. కానీ పాపకీ ఇష్టమేనని ఎలా అనుకుంటున్నారు?" అని శనివారం అడిగేసింది. "ప్రతి ఆదివారం వచ్చి కూర్చుంటుంది, ఒక్క మాట మాట్లాడదు. మిమ్మల్ని నొప్పించలేక కూర్చుంటోందేమో ఆలోచించారా?" ఆ అనుమానం ఆయనకూ ఎప్పటినుంచో ఉంది.

నిజానికి మాట్లాడొద్దన్నది ఆయనే. తండ్రి తనకు నేర్పిన నియమాలన్నీ పాపకు ఐదో ఏటి నుంచే నూరిపోశాడు. చేతులు కడుక్కోకుండా కారు ముట్టుకోకూడదు. బానెట్ మీద మోచేతులు పెట్టకూడదు. దిగగానే సీటు కింది పెట్రోల్ ట్యాప్ కట్టేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఇంజన్ పలికేదాకా దాని దగ్గర ఎవరూ నోరు విప్పకూడదు, పలికాక వింటూ కూర్చోవాలి. మనం నోరు మూసుకుంటేనే అది తన బాధ చెప్పుకుంటుందని ఆయన తండ్రి అనేవాడు. ఇవన్నీ పాపకు చెప్పేటప్పుడు కళ్ళజోళ్ళాయన, తన తండ్రి తొడుక్కునే నల్లకోటునే తొడుక్కునేవాడు. ఆ రోజూ అదే తొడుక్కున్నాడు.

పాప చేతులు కడుక్కుని వచ్చి కూర్చుని, చెవి ఇంజన్‌వైపు పెట్టి తల వంచింది. ఆయన చోక్ లాగి సెల్ఫ్ కొట్టాడు. ఇంజన్ కాసేపు మూలిగి ఊరుకుంది. మళ్ళీ కొట్టాడు. పదోసారికి బ్యాటరీ కూడా చేతులెత్తేసింది. నాలుగు వీధుల అవతల మెకానిక్ ఉన్నాడు. ఇక చేసేదేముంది, ఆయన దిగి, ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని భుజంతో కారును నెట్టడం మొదలుపెట్టాడు. పాప ఆయనవైపు ఒకసారి ఆత్రంగా చూసి, పెదవులు గట్టిగా బిగించుకుంది. ఆ ముఖం చూసి విసుగొచ్చిందనుకున్నాడు. ఆయనకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

వాకింగ్‌కు బయల్దేరిన ఎదురింటి మాస్టారు ఆ నీళ్ళు చూశారు. "ఏమైందండీ?" అన్నారు. కళ్ళజోళ్ళాయన పెదవుల మీద వేలు పెట్టాడు. ఇంజన్ ఇంకా పలకలేదు కదా. మాస్టారు నల్లకోటు చూశారు, నడక కన్నా నెమ్మదిగా కదులుతున్న కారును చూశారు, తల వంచుకున్న పిల్లను చూశారు. ఇంకేమీ అడగకుండా టోపీ తీసి చంకలో పెట్టుకుని వెనకనుంచి చెయ్యి వేశారు.

బోసితలతో వెళ్తున్న మాస్టారును బేకరీ ఆవిడ చూసింది. "ఎవరండీ పాపం?" అని అడగబోతే ఆయనా పెదవుల మీద వేలు పెట్టారు. ఆవిడ కౌంటరు మీది పూలజాడీలో పూలన్నీ తెచ్చి బానెట్ మీద పరిచి, కళ్ళొత్తుకుంటూ వెనకే నడిచింది. ఆవిణ్ణి చూసి దర్జీ, దర్జీని చూసి ఇస్త్రీ ఆయన, ఆయన్ని చూసి ఆయనకు బట్టలివ్వడానికి వచ్చినవాళ్ళు కలిశారు. కూడలి చేరేసరికి ఇరవై ఆరుగురయ్యారు. ట్రాఫిక్ కానిస్టేబుల్ నాలుగువైపులా వాహనాలు ఆపేసి సెల్యూట్ కొట్టాడు. మా నాన్న కారంటే జనానికి ఇంత గౌరవమా అని కళ్ళజోళ్ళాయన గుండె నిండిపోయింది.

ఈలోగా మందుల షాపాయన కళ్ళజోళ్ళాయన ఇంటికెళ్ళి, మిషన్ ముందున్న ఇల్లాలితో, "గుండె దిటవు చేసుకోండమ్మా. కూడలి కూడా దాటేశారు," అన్నాడు.

"ఎవరు దాటారు?"

"అయ్యో, మీకింకా చెప్పనేలేదా!" అని ఆయన భోరుమన్నాడు.

ఆ కారులో వెళ్ళింది ఇద్దరే. ఇద్దరూ ఆవిడకు కావలసినవాళ్ళే. మెడలో టేపు, చేతిలో సగం కుట్టిన చొక్కా చెయ్యితో ఆవిడ చెప్పుల్లేకుండా పరుగెత్తింది. మెకానిక్ షాపు ముందు జనాన్ని తోసుకుని వెళ్ళి చూస్తే మొగుడు నిలబడి ఉన్నాడు, కూతురు కూర్చుని ఉంది. ఇద్దరి ముఖాలూ తడిమి చూసుకుని, అప్పుడు అడిగింది:

"ఎవరు పోయారు?"

ఇరవై ఆరుగురూ ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. "మీరే చెప్పాలి," అన్నారు మాస్టారు.

"ఎవరూ పోలేదు. కారు స్టార్ట్ కాలేదు, అంతే," అన్నాడు కళ్ళజోళ్ళాయన చిన్న గొంతుతో.

"నా పై ప్రాణాలు పైనే పోయాయి! దీనికోసమా?" అందావిడ. కూతురివైపు తిరిగి, "నువ్వైనా చెప్పవే. నీకీ కారు కావాలా, వద్దా?" అంది. పాప పెదవుల మీద వేలు పెట్టింది.

"చూశారుగా. ఇదీ జవాబు."

ఆయన బానెట్ మీద పూలు పక్కకు జరిపి అరచెయ్యి ఆనించాడు. తండ్రి పోయిన రోజున కూడా అలాగే ఆనించాడు. "సరే. అయిపోయింది పాపా, ఇక మాట్లాడొచ్చు. రేపు వాళ్ళకిచ్చేద్దాం."

పాప ఊపిరి వదిలింది. "నాన్నా, ట్యాప్ తెరిచావా?"

"ఏ ట్యాప్?"

"పెట్రోల్ ట్యాప్. పోయిన ఆదివారం నువ్వు కట్టకుండా వెళ్ళిపోయావు. ఎప్పుడూ కట్టవు. ప్రతి ఆదివారం నేనే వెళ్ళి కట్టేస్తాను. శనివారం రాగానే మళ్ళీ తెరిచి పెడతాను. నిన్న పరీక్షకు చదువుకుంటూ మర్చిపోయాను. గుర్తొచ్చేసరికి బ్యాటరీ అయిపోయింది."

"మరి ఇంటి దగ్గరే చెప్పొచ్చుగా?"

"ఇంజన్ పలికేదాకా మాట్లాడొద్దన్నావుగా. అది పలకలేదు."

మెకానిక్ నవ్వు ఆపుకుంటూ వెళ్ళి వేరే బ్యాటరీ తెచ్చి తగిలించాడు. పాప సీటు కిందికి చెయ్యి పోనిచ్చి ట్యాప్ తిప్పింది. ముప్ఫై లెక్కపెట్టింది, పెట్రోల్ ఇంజన్ దాకా రావాలని తాతయ్య పెట్టిన నియమం అది. ఆయన సెల్ఫ్ కొట్టగానే ఇంజన్ గట్టిగా దగ్గి, గొంతు సవరించుకుని పలికింది. జనం చప్పట్లు కొట్టారు. పూలు వెనక్కి తీసుకోవచ్చో లేదో బేకరీ ఆవిడకు తోచలేదు.

ఇక పాప ఆగలేదు. చల్లగా ఉన్నప్పుడు ఎడమవైపు రెండు టిక్కులు వినిపిస్తాయని, మూడో గేరులో కారు సణుగుతుందని, వానాకాలంలో గొంతు మారుతుందని, నాలుగేళ్ళుగా దాచుకున్నదంతా వాళ్ళమ్మకు గుక్కతిప్పుకోకుండా చెప్పింది. ఆవిడ చేతిలోని చొక్కా చెయ్యి ఎప్పుడు కింద పడిందో ఆవిడకే తెలియదు.

"అయితే ఇవ్వొద్దంటావు."

"వద్దమ్మా. నాక్కావాలి. కానీ తాళం నీ దగ్గరుంచు. నాన్నకిస్తే ట్యాప్ కట్టడు."

"షెడ్డు కారుకే," అంది ఆవిడ భర్తతో. "మీ పేపరు చదివే గదిలోకి నా మిషన్లు." ఆయన ఆనందంగా తలూపాడు. ఏ గది అడిగినా అలాగే ఊపేవాడు. ఆవిడ తాళం అందుకుని స్టీరింగ్ ముందు కూర్చుంది, పాప పక్కన కూర్చుంది, కారు వెళ్ళిపోయింది.

అది రెండు సీట్ల కారు. కళ్ళజోళ్ళాయన నల్లకోటులో నడిచి ఇంటికొస్తుంటే, విషయం తెలియని ముగ్గురు దారిలో ఆపి ఓదార్చారు. పోయిన గదిని తలుచుకుని ఆయన ఒక్కరినీ కాదనలేదు.