తిత్తుల గదిలో టీ

ఆ ఆదివారం పొద్దున హిల్కె వేసుకున్న పథకం చిన్నదే. రెండున్నరకు చర్చిలో ఆర్గాన్ కచేరీ మొదలుపెట్టడం, నాలుగింటికల్లా వియార్డ్ నోరు మూయించడం. వియార్డ్ చర్చి సంఘానికి పెద్ద. మూడు వందల ఏళ్ల నాటి ఆ పైపుల ఆర్గాన్‌ను మూలన పడేసి, మీట నొక్కితే పాడే ఎలక్ట్రిక్ పెట్టె కొందామని ఏడాదిగా పోరుతున్నాడు. కచేరీ అయ్యాక ఓటింగు. పెట్టె వస్తే, ముప్ఫై ఏళ్లుగా ఆర్గాన్ వాయిస్తున్న హిల్కెకు మిగిలేది ఆ మీట నొక్కే ఉద్యోగం.

పదింటికి ఆర్గాన్‌కు గాలి ఊదే మోటారు కాలిపోయింది.

"అందుకేగా పెట్టె కొందామంటున్నాను," అన్నాడు వియార్డ్, పక్కింటి ఆవు ఒట్టిపోయిందని విన్నంత సంతోషంగా.

"మోటారు లేని రోజుల్లో తిత్తులు తొక్కేవాళ్లు. ఇప్పుడూ తొక్కుతారు," అంది హిల్కె.

ఆర్గాన్ వెనక గదిలో పాత తోలు తిత్తులు, వాటిని తొక్కే రెండు చెక్క మెట్లు ఇంకా ఉన్నాయి. తొక్కడానికి తామ్మె ఒప్పుకున్నాడు. ఒకప్పుడు మాంసం కొట్టు నడిపినవాడు, నూటపది కిలోల మనిషి.

"నేను గంట కొడితే తొక్కాలి. మధ్యలో ఆగావో, నా కొంప మునుగుతుంది."

"మెట్టెక్కి నిలబడతా. మిగతాది నా పొట్ట చూసుకుంటుందిలే అక్కా."

అరగంట పాటు అంతా సవ్యంగానే సాగింది. ఆర్గాన్ ఉండేది చర్చి వెనక ద్వారం పైనున్న మేడ మీద, జనం ముందుకు తిరిగి కూర్చుంటారు. తల తిప్పి చూడడం అక్కడ మర్యాద కాదు. ముందు వరసలో వియార్డ్ అపశ్రుతి కోసం చెవులు రిక్కించి కూర్చున్నాడు.

మూడైంది. ఆ ఊళ్లో మూడింటికి టీ తాగనివాడు పరాయివాడైనా అయ్యుండాలి, పోయినవాడైనా అయ్యుండాలి. వియార్డ్ భార్య గేషెది జాలిగుండె. టీ కూజా, పటికబెల్లం, మీగడ, కప్పులు బుట్టలో సర్దుకుని తిత్తుల గదికి వచ్చింది. చెంచాలు మాత్రం మరిచిపోయింది.

ఆ ఊళ్లో చెంచా ఉన్నది కలపడానికి కాదు. మూడు కప్పులు తాగకపోతే పోసినవాళ్లకు అవమానం. ఆ పైన చాలనుకుంటే నోటితో చెప్పకూడదు, ఖాళీ కప్పులో చెంచా పెట్టాలి. చెంచా కనపడేదాకా పోసేవాళ్లు పోస్తూనే ఉంటారు.

మీగడ చెదరకుండా తాగాలి గనుక తామ్మె మెట్టు దిగాడు. ఆర్గాన్ నీరసంగా మూలిగి ఆగిపోయింది. హిల్కె గంట కొట్టింది.

"పిలుస్తున్నారు వదినా," అన్నాడు తామ్మె, నాలుగో కప్పు దగ్గర.

"ఆవిడకూ పోస్తాలే అన్నయ్యా. ముందు నువ్వు తాగు."

కింద జనం కదల్లేదు. వెనక్కి తిరగలేరు, పాట అయిపోయిందో లేదో తెలియకుండా చప్పట్లూ కొట్టలేరు. వియార్డ్ మాత్రం ఆర్గాన్ చావు కళ్లారా చూసి రావాలని మేడ మెట్లెక్కి వచ్చాడు. తలుపు తీయగానే గేషె అతని చేతిలో కప్పు పెట్టింది.

"నేను టీకి రాలేదే."

"తామ్మె అన్నయ్య ముందు నా పరువు తీస్తారా?"

వియార్డ్ మూడు తాగాడు. చెంచా కోసం వెతికాడు. నాలుగోది తాగాడు. అప్పటికి తామ్మెకు ఎనిమిదయ్యాయి, కళ్లు తేలేశాడు. గంట మళ్లీ మోగింది. తామ్మె చటుక్కున మెట్టెక్కి రెండు చేతులతో ఎదురుగా ఉన్న కమ్మీ పట్టుకున్నాడు.

"చేతులు ఖాళీ లేవు వదినా."

కూజా భర్త వైపు తిరిగింది. వియార్డ్ కూజాను చూశాడు, ఖాళీగా ఉన్న రెండో మెట్టును చూశాడు, ఒక్క గంతులో ఎక్కేశాడు.

ఇద్దరి బరువుకీ తిత్తులు పూర్తిగా పొంగాయి. అంతా అయిపోయిందని ఏడుస్తున్న హిల్కె, కళ్లు తుడుచుకోకుండానే పది వేళ్లూ మీటల మీద మోపింది. కిటికీ అద్దాలు అదిరాయి. ముప్ఫై ఏళ్లలో మొదటిసారి జనమంతా వెనక్కి తిరిగి చూశారు.

ఓటింగులో ఆర్గాన్ ఉండాలని ముందు చెయ్యెత్తినవాడు వియార్డే.

"పెట్టెకు ఆ కంఠం ఎక్కడిది? తొక్కినవాణ్ణి చెబుతున్నాను," అన్నాడు, ఇంకా ఆయాసపడుతూనే.

సంఘం ఆ రోజు రెండో తీర్మానం కూడా చేసింది: తిత్తుల గదికి అర డజను చెంచాలు.