అల్లుడుగారి చాప

తణుకులో కాన్పు నొప్పులు కడుపుతో ఉన్న మనిషికి కాక, కాన్పు క్లాసుకి హాజరైన మనిషికి వస్తాయి. ఇద్దరు హాజరైతే చెరి సగం. ఎవరూ వెళ్లకపోతే పాత పద్ధతే, మొత్తం కన్నతల్లే పడాలి. అందుకని ఆ ఊళ్లో తొలిచూలు దంపతులు ఊయల కొనకముందే ఏ క్లాసులో చేరాలో తేల్చుకుంటారు.

హిమజ ఏడో నెలలో పుట్టింటికి వచ్చింది. ఆమె భయం ఈనాటిది కాదు. ఆమెని కన్నప్పుడు తల్లి సత్యవేణి పడిన యాతన చూసి, ఇంకో కాన్పు వద్దని డాక్టరే చెప్పాడట. కాకినాడలో ఉద్యోగం చేసే భర్త ఫణీంద్ర మంచివాడు. "సగం నాకివ్వు హిమా, నేను పడతాను" అని ఎవరూ అడక్కుండానే అన్నాడు. ఆ రోజు నుంచే ఆమెకి కంటినిండా నిద్రపట్టడం మొదలైంది.

ఇద్దరూ కలిసి క్లాసులు చూశారు. బైపాస్ రోడ్డులో ఉన్న ఆన్‌లైన్ క్లాసులో నొప్పి భర్త ఫోన్‌కి వస్తుంది. కిందటి నెల ఒకాయన ఫోన్‌లో చార్జింగ్ అయిపోయి, మిగిలిన నొప్పంతా భార్యకే తిరిగొచ్చేసింది. నిర్వాహకుడు ఆ సంగతి దాచలేదు, పవర్ బ్యాంక్ తెచ్చుకోమన్నాడు. నర్సింగ్ హోమ్ వాళ్ల క్లాసులో పంతులుగారూ మత్తు డాక్టరూ పక్కపక్కనే కూర్చుని ముహూర్తం పెడతారు. నొప్పి ఆ రోజు రాదు. తర్వాత నడుంలో వాయిదాల మీద వస్తుంది. ఎన్నేళ్లని అడిగితే పంతులుగారూ డాక్టరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

చివరికి రిటైర్డ్ నర్సు మేరీ రత్నం గారి క్లాసు నచ్చింది. బాలికల హైస్కూలు వరండాలో ఆదివారాలు పొద్దున చాపల మీద పడుకోబెట్టి ఊపిరి పీల్చడం, వదలడం నేర్పుతుందావిడ. షరతు ఒక్కటే.

"నొప్పికి చదువు రాదండి. హాజరుపట్టీలో పేరు ఎవరిదో దానికి తెలీదు. చాప మీద ఎవరి నడుం ఆనిందో వాళ్ల దగ్గరికే పోతుంది."

"నాదే ఆనుతుందండి" అన్నాడు ఫణీంద్ర.

మొదటి ఆదివారం మొదటి బస్సుకే అత్తారింట్లో దిగాడు. సత్యవేణి కూతుర్ని వంటింట్లోకి లాగింది.

"అక్కడ కుర్చీలుంటాయా?"

"చాపలేనమ్మా."

"ఎంతమాట! అల్లుణ్ణి కటికనేల మీద పడుకోబెడితే మీ అత్తగారు నన్ను బతకనిస్తుందా?"

కుర్చీ వేయించుకోవడానికి వీల్లేదని హిమజ చెప్పింది. అంతకుముందు ఒక అల్లుడుగారికి మామగారు పడక్కుర్చీ పట్టుకొస్తే, నొప్పి దాని కాళ్లెక్కలేక వెనక్కి పోయింది. ఫణీంద్ర "ఫర్లేదండీ అత్తయ్యగారూ" అన్నాడు. రెండోసారి కూడా అన్నాడు. మూడోసారి అనేలోగా గారెల పళ్లెం వచ్చింది.

"ఈ ఒక్క వారానికీ నేను కూర్చుంటాన్లెండి. మీరు కాస్త నడుం వాల్చండి, బస్సులో అలిసిపోయుంటారు" అంది సత్యవేణి.

మేరీ రత్నం హాజరు పిలిచింది. "ఫణీంద్ర." "ఉన్నానండీ" అంది సత్యవేణి. "రవితేజ." తెల్లజుట్టు ముడేసుకున్న ఒకావిడ చెయ్యెత్తింది. "కార్తీక్." మోకాళ్లకి పట్టీలు కట్టుకున్న ఇంకొకావిడ ఆయ్ అంది. వరండా నిండా అల్లుళ్లే, ఒక్కడికీ మీసం లేదు. మేరీ రత్నం తలెత్తి చూసి, పాఠం మొదలుపెట్టింది.

తర్వాతి వారం ఫణీంద్ర చెప్పులేసుకున్నాడు కూడా. సరిగ్గా అప్పుడే పూతరేకులు వచ్చాయి. ఆ పై వారం ఎండ ఎక్కువైంది. హిమజ మొగుడికి చెప్పింది, తల్లికి చెప్పింది.

"అమ్మా, నీకు బీపీ. నీ వంతు నువ్వు ఎప్పుడో పడ్డావు."

"మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాల్సిందే. తొలి కాన్పు పుట్టింటి వారిదంటే ఏమనుకున్నావు?"

నొప్పుల రోజున ఆసుపత్రిలో పక్కపక్కనే రెండు మంచాలు వేశారు. ఒకదానికి తల్లి అనీ, రెండోదానికి భర్త అనీ బోర్డులున్నాయి. ఫణీంద్ర భర్త మంచం మీద పడుకుని, పళ్లు బిగించి, ఇనుప చువ్వలు పట్టుకుని ఎదురుచూశాడు. నిజంగానే ఎదురుచూశాడు. హిమజ కేక పెట్టింది. అతనికి చీమ కుట్టినట్టు కూడా లేదు. బయట వరండాలో ఫ్లాస్కు కిందపడిన చప్పుడైంది. సత్యవేణి కుప్పకూలింది.

"మీరు లేవండి సార్, మంచం కావాలి" అంది నర్సు.

సత్యవేణిని తెచ్చి ఆ మంచం మీద పడుకోబెట్టారు. బోర్డు మార్చలేదు. ఇలాంటివాటికి వేరే బోర్డు ఆసుపత్రిలో లేదు. బీపీ చూసిన డాక్టరు మొహం మారిపోయింది, నర్సు ఇంజక్షన్ కోసం పరిగెత్తింది. హిమజ చెయ్యి చాపితే గాజుల చెయ్యి దొరికింది. తనని కన్న మనిషి తన బిడ్డ కోసం మళ్లీ మెలికలు తిరిగిపోతుంటే, హిమజకి సొంత నొప్పి కంటే అదే ఎక్కువైంది. "అమ్మా" అని ఏడ్చింది. "ఊపిరి వదులు" అంది సత్యవేణి, పాఠంలో చెప్పినట్టే.

ఆడపిల్ల పుట్టింది. ముగ్గురూ గండం గడిచి బయటపడ్డారు. ఫణీంద్ర అత్తగారి మంచం దగ్గర నిలబడి కళ్లొత్తుకున్నాడు.

"నాకు రావాల్సింది కదండీ అత్తయ్యగారూ."

"మీకెందుకండీ శ్రమ. కాఫీ తాగారా?"

బంధువులు వచ్చి, సగం నొప్పి పడ్డ మగాణ్ణి ఎక్కడా చూడలేదని ఫణీంద్రని మెచ్చుకున్నారు. నేను కాదండీ అని పొద్దున అన్నాడు. మధ్యాహ్నం నవ్వి ఊరుకున్నాడు. సాయంత్రానికి నడుం మీద చెయ్యేసుకుని నడిచాడు. వాళ్లమ్మ వచ్చి కొడుక్కి నడుముకి నూనె రాసింది. సత్యవేణి లేచి తిరగ్గలిగిన రోజునే పొయ్యి దగ్గర చేరి, బాలింతలకి పెట్టే కాయం రెండు వంతులు చేసింది. ఒకటి కూతురికి, ఒకటి అల్లుడికి.

పురిటిస్నానం నాడు మేరీ రత్నం పాపని చూడ్డానికి వచ్చింది. చంకలో చుట్టిన చాప ఉంది.

"ఆడపిల్లే కదమ్మా, దీన్ని దాచుకో. మీ అమ్మది. ఇంకా గట్టిగానే ఉంది."

హిమజ చాప అందుకుంది. ముందుగదిలో ఫణీంద్ర ఒళ్లో పాపనేసుకుని, వచ్చినవాళ్లకి ఊపిరి ఎలా వదలాలో చెబుతున్నాడు. ఒక్క క్షణం అతన్ని పిలుద్దామనుకుంది. అప్పుడే సత్యవేణి అతనికి కుర్చీ తెచ్చి వేసింది. హిమజ లోపలిగదిలోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసి, చాప పరిచింది. దాని మీద వెల్లకిలా పడుకుని, పొడవు తనకి సరిపోతుందో లేదో చూసుకుంది.

సరిపోయింది.